అంకెకో చిరునామా

ధాన్యం మండీల్లో, కిరాణా కొట్లలో గుమాస్తా ముందు ఒకప్పుడు రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా. పొద్దున కొట్టు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి తలుపులు వేసేదాకా జరిగిన ప్రతి అమ్మకం, ప్రతి చెల్లింపు జరిగిన వరసలోనే అందులో పడేవి. రెండోది ఆవర్జా. చిట్టాలోని పద్దుల్ని మనిషివారీగా, సరుకువారీగా విడదీసి దాంట్లో ఎక్కించేవారు. చిట్టా రాయడానికి చేతిరాత ఉంటే చాలు. ఆవర్జాకు ఎక్కించడానికి మాత్రం తెలిసినవాడు కావాలి. ఈ పద్దు ఏ పేజీకి వెళ్లాలి? ఒకే పేరున్న ఇద్దరు రైతుల్లో ఇది ఎవరిది? నిన్న ఎక్కించినదాన్నే ఇవాళ మళ్లీ ఎక్కిస్తున్నామా? ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరికితేనే సంవత్సరాంతంలో లెక్క కుదిరేది.

పెద్ద కంపెనీల కంప్యూటర్లలో రాత్రిపూట జరిగే పని కూడా ఇదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరుసలుగా పేరుకున్న లావాదేవీల్ని తెచ్చి, క్యూబ్ అనే అమరికలో గడులవారీగా నింపుతారు. అందుకు డేటా ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కాంపోనెంట్ ఉంటుంది. తెరమీద అదొక చిన్న బొమ్మ. దానిమీద క్లిక్ చేస్తే కొన్ని పెట్టెలు, కొన్ని టిక్కులు కనిపిస్తాయి. చాలామంది వాటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేసి జాబ్ రన్ చేస్తారు. అలా వదిలేయదగ్గవి కావు. వాటిలో ప్రతిదీ గుమాస్తా తనను తాను వేసుకున్న ప్రశ్నే.

మామూలు టేబుల్‌లో కొత్త సమాచారం వస్తే అడుగున ఇంకో వరుస చేరుతుంది. క్యూబ్‌లో అలా చేరదు. అక్కడ గడులు ముందే నిర్ణయమై ఉంటాయి, ప్రతి గడికీ ఒక చిరునామా ఉంటుంది. ఒక విత్తనాల కంపెనీ ఉందనుకుందాం. దాని అమ్మకాల క్యూబ్‌కు డీలరు, విత్తన రకం, సంవత్సరం, నెల, లెక్క రకం, కొలత అని ఆరు డైమెన్షన్లు. లెక్క రకం అంటే ‘అసలు’ లేదా ‘బడ్జెట్’. కొలత అంటే బస్తాలు, రాబడి వంటివి. హుస్నాబాద్ డీలరు, బీపీటీ 5204, 2023-24, జూన్, అసలు, బస్తాలు: ఈ ఆరు పేర్లు కలిస్తే ఒక గడి. అందులో 70 అని ఉంటుంది. ఆరింటిలో ఒక్కటి మారినా అది వేరే గడి.

ఈ ఆలోచనకు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. కెనెత్ ఐవర్సన్ 1962లో ఏపీఎల్ భాషను పుస్తకంగా వెలువరించినప్పుడే అనేక దిశల్లో అమరిన అంకెల్ని ఒకే వస్తువుగా చూడటం అలవాటు చేశారు. 1970లో ఎక్స్‌ప్రెస్, 1980ల్లో టీఎం1, 1992లో ఆర్బర్ సాఫ్ట్‌వేర్ వారి ఎస్‌బేస్ అనే క్యూబ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అయితే ఈ కోవకంతటికీ ఓలాప్ అనే పేరు స్థిరపడింది 1993లో. ఆ పేరు పెట్టినవారు ఎడ్గర్ కాడ్. టేబుళ్లతో నడిచే రిలేషనల్ డేటాబేస్‌కు 1970లో పునాది వేసింది కూడా ఆయనే. ఏ సరుకు ఏ ఊళ్లో నిరుటికన్నా ఎంత ఎక్కువ పోయిందని పది రకాలుగా తిప్పి అడిగే మేనేజరుకు టేబుళ్లు మాత్రమే చాలవని ఆయన 1993 నాటి పత్రంలో 12 సూత్రాలతో వాదించారు. దాన్ని ఆర్బర్ డబ్బిచ్చి రాయించిందని బయటపడటంతో విమర్శలు తప్పలేదు. వాదనలో బలం ఉంది కాబట్టే అది ఆ విమర్శల్ని తట్టుకుని నిలబడింది.

క్యూబ్‌తో వచ్చే పెద్ద చిక్కు ఖాళీ. మన కంపెనీకి 2,000 మంది డీలర్లు, 40 విత్తన రకాలు, అయిదేళ్లకు 60 నెలలు, 4 కొలతలు, అసలు, బడ్జెట్ అని 2 లెక్కలు ఉన్నాయనుకుంటే గడులు 3 కోట్ల 84 లక్షలు. గడికి 8 బైట్ల చొప్పున 30 కోట్ల బైట్లు పైచిలుకు. కానీ ఖరీఫ్ వరి విత్తనాన్ని జనవరిలో ఎవరు కొంటారు? పత్తి పండని ఊళ్లో పత్తి విత్తనం ఎందుకు పోతుంది? ఆ గడుల్లో అత్యధికం ఎప్పటికీ ఖాళీగానే ఉంటాయి. ఆర్బర్ ఇంజనీరు రాబర్ట్ ఎర్ల్ దీనికి చూపిన ఉపాయానికి 1994లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఎప్పుడూ నిండుగా ఉండే డైమెన్షన్లను ఒక దిమ్మగా కట్టి, పలచగా నిండేవాటిలో నిజంగా అంకె ఉన్న కలయికలకు మాత్రమే ఆ దిమ్మల్ని సృష్టిస్తారు.

క్యూబ్‌లో రాసేవారికి దీంతో నేరుగా పని పడుతుంది. వచ్చే వరుసలు డీలరువారీగా, రకంవారీగా పేర్చి ఉంటే ఎస్‌బేస్ ఒక్కో దిమ్మను ఒకసారి తెరిచి, నింపి, మూసేస్తుంది. కలగాపులగంగా వస్తే అదే దిమ్మను మళ్లీ మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. ఫైలూ అదే, అంకెలూ అవే. పేర్చి పంపామా లేదా అన్నదాన్ని బట్టి లోడ్‌కు పట్టే సమయం ఎంతో మారిపోతుంది.

కాంపోనెంట్‌లోని ఆ పెట్టెల్ని, టిక్కుల్ని దగ్గరగా చూడటానికి పాలో అనే క్యూబ్ సర్వరు అనువైనది. జర్మనీలో ఫ్రైబుర్గ్ కేంద్రంగా ఉన్న జెడాక్స్ కంపెనీ దాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. క్యూబ్ మొత్తాన్ని మెమరీలో పెట్టుకునే సర్వరు, ముందు ఎక్సెల్. చిన్న కంపెనీలకు కూడా అందుబాటులోకి వచ్చిన క్యూబ్ అది. బెల్జియంకు చెందిన మాట్ కాస్టర్స్ తయారుచేసిన కెటిల్, 2005లో ఫ్రాన్స్‌లో మొదలైన టాలెండ్ అనే డేటా ఇంటిగ్రేషన్ టూల్స్ రెండింటిలోనూ పాలోకు రాసే కాంపోనెంట్లు ఉండేవి. టాలెండ్‌ను 2023లో క్లిక్ అనే కంపెనీ కొనుక్కుంది. ఉచితంగా దొరికే టాలెండ్ ఓపెన్ స్టూడియో 2024 జనవరి 31తో ఆగిపోయింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇన్ఫర్మాటికా, డేటాస్టేజ్ నేర్చుకుని ఈ రంగంలో స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. టూల్ ఏదైనా వాళ్లు రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్నలు మాత్రం మారలేదు.

కాంపోనెంట్‌లో మొదట అడిగేది సర్వరు అడ్రసు, పోర్టు, యూజరు, పాస్‌వర్డ్, డేటాబేస్, క్యూబ్ పేరు. పాలోకు మామూలుగా పోర్టు 7777. ఇక్కడ పెద్దగా ఆగక్కర్లేదు. తర్వాతిది స్కీమా: డైమెన్షన్‌కొక కాలమ్ చొప్పున, చివర అంకెకొక కాలమ్. ఆరు డైమెన్షన్లకు ఏడు కాలమ్‌లు కావాలి. బిల్లులో ‘లెక్క రకం’ అనే కాలమ్ ఉండదు, ఎందుకంటే బిల్లు ఎప్పుడూ అసలే. అయినా క్యూబ్ ఆ చిరునామా లేకుండా గడిని గుర్తించలేదు. కాబట్టి కాంపోనెంట్‌కు ముందే ప్రతి వరుసకూ ‘అసలు’ అనే మాటను అంటించి పంపాలి. బిల్లు రాసేవారికి చెప్పక్కర్లేకుండానే తెలిసే సంగతి క్యూబ్‌కు చెబితేనే తెలుస్తుంది.

అసలు పరీక్ష పేర్లతో మొదలవుతుంది. డైమెన్షన్‌లో ‘బీపీటీ 5204’ అని ఉంటే, ఒక డిపో ఫైలులో ‘బీపీటీ-5204’ అని, ఇంకో డిపో ఫైలులో ‘సాంబ మసూరి’ అని వస్తుంది. రైతుకు మూడూ ఒకటే విత్తనం. సర్వరుకు మూడు వేర్వేరు పేర్లు, అందులో రెండు ఎవరో తెలియనివారు. జిల్లాల పేర్లు ఇంతకన్నా ఇబ్బంది పెడతాయి. కడప జిల్లా ఇంగ్లీషు స్పెల్లింగును 2005లో మార్చారు. 2010లో అది వైఎస్సార్ జిల్లా అయింది. నెల్లూరు 2008లో పొట్టి శ్రీరాములు పేరు చేర్చుకుంది. 2005కు ముందు నుంచీ ఉన్న అమ్మకాల్ని ఒకే క్యూబ్‌లోకి తెచ్చే పని పెట్టుకుంటే ఈ పేర్లన్నీ ఒకేసారి ఎదురవుతాయి.

పరిచయం లేని పేరు వస్తే ఏం చేయాలి? టాలెండ్‌లో పాలో గడులకు రాయడానికి ముందు ఎలిమెంట్లను, అంటే డైమెన్షన్‌లోని పేర్లను, సరిచూసే కాంపోనెంట్ ఒకటి ఉండేది. అది మూడు దారులు చూపించేది: ఆ వరుసను రిజెక్ట్ చేసి ముందుకు సాగడం, ముందే చెప్పిపెట్టిన ఇంకో పేరు కింద రాయడం, జాబ్‌నే ఆపేయడం. చాలామంది రెండోదానికి మొగ్గుతారు, ‘ఇతరాలు’ అనే ఎలిమెంట్ ఒకటి పెట్టి తెలియనివన్నీ అందులో పోస్తారు. మొత్తం కుదురుతుంది, రిపోర్టు సకాలంలో వెళ్తుంది. కానీ ఆ ‘ఇతరాలు’ ప్రతి నెలా పెరుగుతూ పోతుంది, దాంట్లో ఏముందో ఎవరికీ గుర్తుండదు. రిజెక్ట్ చేయడమే మంచిది, రిజెక్ట్ అయిన ఫైలును మర్నాడు పొద్దున ఒక మనిషి తెరిచి చూస్తాడన్న హామీ ఉంటే. ఎస్‌బేస్‌లో ఈ ఫైలు గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎర్రర్ ఫైలులో రాసే వరుసలకు పరిమితి ఉంటుంది, సెట్టింగు మార్చకపోతే అది 1,000. అంతకు మించి రిజెక్ట్ అయితే మిగతావి ఏమిటో ఫైలులో కనిపించవు.

ఇంకో ఆకర్షణ కూడా ఉంది. పేరు లేకపోతే అప్పటికప్పుడు సృష్టించమని కాంపోనెంట్‌కు చెప్పవచ్చు. అలా చెబితే టైపింగ్ పొరపాట్లన్నీ డైమెన్షన్‌లో పౌరసత్వం తెచ్చుకుంటాయి. పైగా కొత్త ఎలిమెంట్‌ను ఏ జిల్లా కింద పెట్టాలో దానికి తెలియదు. అది ఎవరికిందా చేరకుండా విడిగా నిలబడుతుంది, దాని అమ్మకాలు రాష్ట్రం మొత్తంలో కలవవు. డైమెన్షన్లను కట్టే జాబ్ వేరుగా ఉండాలి, ముందుగా రన్ కావాలి. గడులు నింపే జాబ్ ఆ తర్వాతే.

డైమెన్షన్ల కూర్పు ఎంత కష్టమో తెలంగాణ జిల్లాల్ని చూస్తే తెలుస్తుంది. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున, 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. కొత్త పేర్లు చేర్చడంతో పని అయిపోలేదు. సిద్దిపేట జిల్లా మెదక్ నుంచి మాత్రమే ఏర్పడలేదు. కరీంనగర్ నుంచి హుస్నాబాద్, వరంగల్ నుంచి చేర్యాల కూడా దాంట్లోకి వచ్చాయి.

హుస్నాబాద్ డీలరును క్యూబ్‌లో కరీంనగర్ కింద నుంచి తీసి సిద్దిపేట కింద పెట్టారనుకుందాం. పాలో వంటి క్యూబ్‌లో జిల్లా మొత్తం అనేది ఎక్కడా రాసిపెట్టిన అంకె కాదు, కింద ఉన్న గడుల్ని కూడితే వచ్చేది. కాబట్టి డీలరును కదిపిన క్షణం నుంచి 2012 నాటి కరీంనగర్ మొత్తం కూడా తగ్గిపోతుంది. అప్పట్లో అచ్చువేసి బోర్డుకు సమర్పించిన రిపోర్టుతో ఇవాళ్టి క్యూబ్ ఏకీభవించదు. కదపకుండా వదిలేస్తే సిద్దిపేటకు లెక్కే ఉండదు. పాలోలో ఒక ఎలిమెంట్‌కు ఒకరికన్నా ఎక్కువమంది తల్లులుండవచ్చు. ఎస్‌బేస్‌లో షేర్డ్ మెంబర్ అనే ఏర్పాటు అందుకే ఉంది. కాబట్టి ‘పాత జిల్లాలు’, ‘కొత్త జిల్లాలు’ అని రెండు చెట్లు కట్టి, హుస్నాబాద్ డీలరును రెండింటిలోనూ పెట్టడం సరైన పరిష్కారం. అంకె ఒక్కచోటే ఉంటుంది, చూసే దారులు రెండు. అయితే ఈ రెండు చెట్లనూ ‘తెలంగాణ’ అనే ఒకే కొమ్మ కింద కలిపితే ప్రతి బస్తా రెండుసార్లు లెక్కకొస్తుంది. రెండింటికీ వేర్వేరు మొదళ్లు ఉండాలి.

కాలం డైమెన్షన్‌లోనూ ఇలాంటి చిక్కే. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. బిల్లుమీద 2024 జనవరి 18 అని తేదీ ఉంటే ఆ అమ్మకం 2023-24కు చెందుతుంది. తేదీలోంచి ఏడాదిని ఊడబీకి ‘2024-25’ అని రాసే జాబ్‌లో జనవరి, ఫిబ్రవరి, మార్చి అమ్మకాలు ఏడాది ముందుకు జరిగిపోతాయి. నెల ఏప్రిల్ కన్నా ముందుదైతే ఏడాదిలోంచి ఒకటి తీసేయమనే చిన్న షరతు అక్కడ ఉండాలి. ఇది రిజెక్ట్ ఫైలులో దొరికే తప్పు కాదు. 2024-25 అనే ఎలిమెంట్ డైమెన్షన్‌లో ఉంది కాబట్టి సర్వరు ఏ అభ్యంతరమూ చెప్పదు.

పేర్లు సరిపోయాక అంకె గడి ముందుకు వస్తుంది. ఇప్పుడు అతి ముఖ్యమైన సెట్టింగు: ఉన్నదాని స్థానంలో రాయాలా, ఉన్నదానికి కలపాలా? పాలోకు రాసే ప్రతి ఆదేశంలో ఈ ఎంపిక ఉంటుంది. హుస్నాబాద్ డీలరు జూన్‌లో బీపీటీ 5204కు మూడు బిల్లులు చేశాడు: 20, 35, 15 బస్తాలు. మూడు బిల్లులదీ ఒకే గడి. ‘స్థానంలో రాయి’ అని పెడితే 20 పడుతుంది, దాన్ని చెరిపి 35, దాన్ని చెరిపి 15. చివరికి మిగిలేది 15. ‘కలుపు’ అని పెడితే 70 వస్తుంది, సరైన జవాబే. కానీ అర్ధరాత్రి నెట్‌వర్క్ తెగి జాబ్ మధ్యలో ఆగిందనుకోండి. మర్నాడు మళ్లీ మొదట్నుంచి రన్ చేస్తే, అప్పటికే ఎక్కిన అంకెలు రెండోసారి కూడుకుంటాయి. కొన్ని గడుల్లో 140, కొన్నింటిలో 70. ఏవి ఏవో చూసి చెప్పడానికి వీలుండదు.

అందుకే అనుభవజ్ఞులు కూడికను క్యూబ్‌కు వదలరు. బిల్లుల్ని ముందే డీలరు, రకం, నెలవారీగా కూడి, గడికి ఒకే వరుస ఉండేలా చేసి, అప్పుడు ‘స్థానంలో రాయి’ అంటారు. అలా చేస్తే జాబ్‌ను ఎన్నిసార్లు రన్ చేసినా 70 అనేది 70గానే ఉంటుంది. ఏ రాత్రయినా ఆగిపోయి మళ్లీ మొదలుకాక తప్పని వ్యవస్థలో ఇంతకు మించిన భరోసా లేదు.

దీనికీ ఒక లోటుంది. ఒక డీలరు పేర జూన్‌లో ఒక రకానికి ఒక్కటే బిల్లు ఉంది, 15 బస్తాలు. అది గడిలో ఎక్కింది. రెండ్రోజులకు ఆ బిల్లు రద్దయింది. తర్వాతి లోడ్‌లో ఆ గడికి అసలు వరుసే రాదు. వరుస రాకపోతే చెరిపేవారూ ఉండరు. సోర్సులో లేని 15 బస్తాలు క్యూబ్‌లో నిలిచిపోతాయి. కాబట్టి లోడ్‌కు ముందు ఆ నెల గడుల్ని ఖాళీ చేయాలి. ఎంత మేర అన్నది జాగ్రత్తగా చెప్పాలి: ఆ సంవత్సరం, ఆ నెల, ‘అసలు’ మాత్రమే. ‘అసలు’ అనే మాట మరిచిపోతే సేల్స్ మేనేజర్లు వారాలపాటు కూర్చుని నింపిన బడ్జెట్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. క్యూబ్ మొత్తం ఖాళీ చేసే ఎంపిక కొన్ని కాంపోనెంట్లలో ఒక్క టిక్కు దూరంలో ఉంటుంది. ఒక్క నెల లోడ్ చేసే జాబ్‌లో దాన్ని ఎప్పుడూ వాడకూడదు.

ఇక మొత్తాల గడులు. ‘2024-25, అన్ని నెలలు, బడ్జెట్’ అనే గడిలో 12,000 బస్తాలు అని రాయవచ్చా? అది కింద నెలల కూడిక కదా. టేబుళ్ల ప్రపంచంలో ఈ ప్రశ్నే తలెత్తదు. క్యూబ్‌లో మాత్రం దీనికి స్ప్లాషింగ్ అనే ఏర్పాటు ఉంది. పై గడిలో రాసిన అంకెను సర్వరే కింది గడులకు పంచుతుంది. ఎలా పంచాలన్నది కాంపోనెంట్‌లో చెప్పాలి. మామూలు పద్ధతిలో, కింద ఇప్పటికే ఉన్న అంకెల నిష్పత్తిలో పంపకం జరుగుతుంది. కింద ఏమీ లేకపోతే సమానంగా పంచుతుంది. ‘సెట్’ అని పెడితే అదే 12,000ను కింది ప్రతి గడిలోనూ రాస్తుంది, అంటే పన్నెండు నెలలకు 1,44,000. ‘యాడ్’ అంటే ప్రతి గడికీ 12,000 కలుపుతుంది. అసలు పంచవద్దని కూడా చెప్పవచ్చు. అప్పుడు పై గడిలో రాయడం కుదరదు.

సమానంగా పంచడం న్యాయంగా కనిపిస్తుంది కానీ విత్తనాల వ్యాపారంలో అది అర్థం లేని పంపకం. తొలకరి నెలకూ మండువేసవికీ ఒకే అంకె పడుతుంది. డీలరు డైమెన్షన్‌లో కూడా పై ఎలిమెంట్‌నే ఇచ్చి ఉంటే పరిస్థితి మరీ దారుణం. 12 నెలలు, 2,000 మంది డీలర్లు, మొత్తం 24,000 గడులు. 12,000 బస్తాలు పంచితే ఒక్కొక్కరికి నెలకు అర బస్తా. మెమరీలో ఖాళీగా ఉండాల్సిన గడులన్నీ ఈ అరలతో నిండిపోతాయి, సర్వరు బరువెక్కుతుంది. సరైన పద్ధతి, ముందు నిరుటి అసలు అమ్మకాల్ని బడ్జెట్ గడుల్లోకి నకలు చేసి, ఆ తర్వాత పై గడిలో 12,000 రాయడం. నిరుడు నూటికి 40 వంతులు జూన్‌లో పోయి ఉంటే, జూన్‌కు 4,800 పడతాయి. మైక్రోసాఫ్ట్ ఎనాలిసిస్ సర్వీసెస్‌లోనూ సమానంగా పంచడం, నిష్పత్తిలో పంచడం, వాటికి పెంపుదల రూపాలు కలిపి నాలుగు పద్ధతులున్నాయి. టూల్ మారినా ప్రశ్న ఒకటే. జవాబు చెప్పాల్సింది ప్రోగ్రామరు ఒక్కడే కాదు, ఆ బడ్జెట్‌కు బాధ్యత వహించే మేనేజరు కూడా. ఈ సెట్టింగు మీద ఇద్దరూ కలిసి కూర్చోకపోవడం ఎన్నో కంపెనీల్లో పెద్ద లోపం.

మిగతావి చిన్న సంగతులు. ఒక్కో వరుసనూ విడిగా పంపితే నెట్‌వర్క్ మీదే సమయమంతా పోతుంది కాబట్టి కట్టలుగా పంపాలి, ఆ కట్ట పరిమాణమే కమిట్ సైజు. ఎవరైనా గడిలో రాసినప్పుడు అదనపు లెక్కలు వేసే ఈవెంట్ ప్రాసెసర్‌ను పెద్ద లోడ్ సమయంలో ఆపి ఉంచడం మేలు. అంకె రాసే తీరును కూడా చూసుకోవాలి. జర్మన్ ఫైలులో 1.250 అంటే పన్నెండు వందల యాభై, మన ఫైలులో ఒకటింబావు.

లోడ్ పూర్తయ్యాక ఆకుపచ్చ టిక్కు వస్తుంది. జాబ్ కూలిపోకుండా చివరిదాకా నడిచిందని మాత్రమే దాని అర్థం. సోర్సులో చదివిన వరుసలు, రాసినవీ రిజెక్ట్ అయినవీ కలిపితే వచ్చే సంఖ్యతో సమానం కావాలి. సోర్సులోని బస్తాల మొత్తం క్యూబ్‌లో ఆ కాలానికి పైనున్న గడితో సరిపోవాలి. సరిపోకపోతే ఒక్కో మెట్టూ దిగాలి. 2023-24లో 1,150 బస్తాలు తగ్గాయి, 2024-25లో సరిగ్గా అన్నే పెరిగాయి అని తేలితే ఇక డీలర్ల జోలికి వెళ్లక్కర్లేదు. నెలలు విప్పి చూస్తే ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా అన్నీ కుదురుతాయి, తేడా చివరి మూడు నెలల్లోనే కనిపిస్తుంది. ఏడాదిని లెక్కకట్టే షరతు సరిచేసి, రెండు సంవత్సరాల ‘అసలు’ గడుల్నీ ఖాళీ చేసి, జాబ్‌ను మొదట్నుంచి రన్ చేసి, అవే రెండు మొత్తాల్ని మళ్లీ సోర్సుతో పోల్చి చూడాలి.